మూడో స్కెచ్

“మూడోది అంత బాగా ఎందుకు గీశావమ్మా?”

సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్లు మెట్లు దిగారో లేదో, ఉదయ్ భాస్కర్ మెర్సీ మీద విరుచుకుపడ్డాడు. మాదాపూర్‌లోని ఆ డిజైన్ ఆఫీసుకి అతను ఓనరు. ఆమె పెన్సిల్‌తో లోగోలు గీసే ఉద్యోగి.

“వాళ్లకి నచ్చింది కద సార్. అదే ఫైనల్ అన్నరు.”

“అదే నా ఖర్మ! కంప్యూటర్‌లో శ్యామ్ చేసిన లోగోకి బోర్డులు కూడా చేయించేశాను. ముందు నీ పెన్సిల్ గీతలు చూసి వాళ్లు మొహం చిట్లించాలి. అప్పుడు శ్యామ్‌ది తెర మీద రంగుల్లో వెలగాలి. నిన్ను పెట్టుకుంది అందుకే.”

మెర్సీ బల్ల మీదున్న తన మూడు స్కెచ్‌లూ దగ్గరికి లాక్కుంది.

“అయితే ఇన్ని రోజులు నేను గీసినవన్నీ...”

“అన్నీ పనికొచ్చాయి. ఇవాళ్టిదే కొంప ముంచింది. రేపు ఆస్పత్రివాళ్లు వస్తున్నారు. వాళ్లకేం గీశావ్?”

ఆమె ఫైలు తీయబోయి ఆగింది. అందులోని స్కెచ్ కోసం ఆదివారం చర్చికి కూడా వెళ్లలేదు. తన చేత్తో ఇంతకంటే మంచిది ఎప్పుడూ గీయలేదు. మళ్లీ తిడతాడని భయపడుతూనే, లోపల కాస్త గర్వంగా, అతని ముందు పెట్టింది.

ఉదయ్ భాస్కర్ మొహం విప్పారింది.

“హమ్మయ్య! ఇదమ్మా నాక్కావాల్సింది. దీని తర్వాత ఏది చూపించినా మెరుస్తుంది.”