చెల్లెలి చేతిపట్టీ

శాలువా, మాత్రలు, గోంగూర పచ్చడి సంచిలో సర్దుతుంటే మా చెల్లెలు సుభాషిణి నవ్వింది. “అడవి చూడ్డానికా అక్కా, కాపురం పెట్టడానికా?”

డ్రైవరు లేని బండి మా ఇద్దరినీ, మా అమ్మాయినీ, అల్లుణ్ణీ మారేడుమిల్లి ఘాటు ఎక్కించింది. అందులో ఎవరి గది వారిదే. మనిషికొకటి చొప్పున మా చేతులకు కట్టిన చేతిపట్టీలు లెక్కపెట్టుకున్నాకే అది కదులుతుంది.

వాగు దగ్గర దిగి బొంగు చికెన్ తిన్నాం. చేయి కడుక్కుంటూ పట్టీ ఎక్కడ పారేసుకుంటుందోనని సుభాషిణి చేత విప్పించి నా సంచిలో దాచాను.

“అదిగో అడవిదున్నలు! నువ్వెక్కక్కా, ఇప్పుడే వచ్చేస్తా.”

నేనెక్కగానే తలుపులు మూసుకుని బండి కదిలింది.

“ఆపు! మా చెల్లి ఎక్కలేదు!”

“నలుగురూ ఉన్నారమ్మా. అడవిలో మళ్లీ ఆగకూడదు” అంది బండి.

ఘాటు దిగాక వెనక్కి వెళ్లి, ఆ వాగు వెంట పది రోజులు వెతికాం.

సుభాషిణి 2068 నవంబరు తొమ్మిదో తేదీ సాయంత్రం నుంచి తిరిగి రాలేదు.