ఎడమ పక్కకే రా

“ట్రౌడి దిగేసింది. ఇప్పటికి అదే ఫస్టు,” అన్నాడు కోచ్ గెర్నోట్.

హెల్మెట్ పట్టీ బిగిస్తున్న ఆఫ్రా వేళ్ళు ఆగిపోయాయి.

సీజన్లో ఇదే ఆఖరి స్కీ పందెం. నవంబరు నుంచి కొండ కొండా తిరిగి పోటీపడితే చివరికి గెలుపు ఇద్దరి మధ్యకు వచ్చింది. ఇద్దరిదీ ఒకే జట్టు, ఆస్ట్రియాలో ఒకే టిరోల్ లోయ. ట్రౌడి కంటే వేగంగా దిగితే సీజన్ విజేతకిచ్చే స్ఫటిక గోళం ఆఫ్రాది, లేదంటే ట్రౌడిది. ఆఫ్రాకు ముప్ఫై నిండాయి. రెండు మోకాళ్ళకూ ఆపరేషన్లయ్యాయి. మళ్ళీ ఏడాదికి తను పోటీలో ఉండదు.

ముందు దిగినవాళ్ళు, పైనున్న జట్టువాళ్ళకు దారి ఎలా ఉందో రేడియోలో చెప్పాలి. ఎంత పోటీ ఉన్నా చెప్పి తీరాలి. అది ఆనవాయితీ.

రేడియో గరగరలాడింది.

“ఒసేయ్ ఆఫ్రా, విను. మేకగంతు మిట్ట దాటాక ఎడమ పక్కకే రా. కుడి పక్క దగ్గరే గానీ, పైన పొడి మంచు, కింద గాజులాంటి గడ్డ. అటు పోయావా, తిన్నగా అంచున కట్టిన వలలో పడతావ్. వింటున్నావా?”

“ఊఁ.”

“ఊఁ కాదే, సరే అను.”

“సరే.”

గెర్నోట్ ఆమె తొడలు చరిచి వేడెక్కించాడు. “ఎడమ, అమ్మాయ్. మర్చిపోకు. టోయ్ టోయ్ టోయ్,” అంటూ అదృష్టం కోసం చెక్క స్తంభాన్ని మూడుసార్లు తట్టాడు.

ఎడమ పక్క చుట్టు. అర సెకను పోతుంది. ఆ సంగతి ట్రౌడికి తెలియదా? గోళం చేతికందే వేళ ఎవరు నిజం చెబుతారు?

అసలు ఆ గోళం ఈపాటికే ట్రౌడిది కావాల్సింది. జనవరిలో మంచుగడ్డ మీద జారి వలలో పడింది పాపం. భుజం పోయి మూడు పందేలకు దూరమైంది. ఆఫ్రా పువ్వులు పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళింది.

“పువ్వులెందుకే, ఇంకో భుజం తేవాల్సింది,” అని నవ్వింది ట్రౌడి. “ఊరుకో, ఏడవకు. మంచు నిమిషానికోలా మారుతుంది. ఎవరేం చేస్తారు?”

ఆ గదిలో ఆఫ్రా ఐదు నిమిషాలు కూడా కూర్చోలేకపోయింది.

బీప్. బీప్. బీప్.

దూకింది. మోకాళ్ళు మాట విన్నాయి. చెవుల్లో గాలి హోరు. మొదటి మలుపు, రెండో మలుపు, ఎక్కడా తడబడలేదు. జీవితంలో ఇంత బాగా ఎప్పుడూ దిగలేదని ఆమెకే తెలుస్తోంది. మేకగంతు వచ్చింది. గాల్లోకి లేచింది.

కింద కుడి పక్క నున్నగా, తెల్లగా కనబడింది.

కుడికే తిప్పింది.

పైన పొడి మంచు. కింద గాజు.

ఆమెను వలలోంచి విడిపించి, స్లెడ్జి మీద కిందికి తెచ్చేసరికి పావుగంట పట్టింది. గోళం తనదేనని ఎవరో చెబుతున్నా వినకుండా, ట్రౌడి పరుగున వచ్చి పక్కన మోకాళ్ళ మీద కూలబడింది.

“ఎడమ అని చెప్పాను కదే. నా మాట ఎందుకు నమ్మలేదు?”

ఆఫ్రా మొహం పక్కకు తిప్పుకుంది. జనవరిలో ఆ రోజు, మంచుగడ్డ ఉందని తెలిసి కూడా, ‘కుడి పక్క మెత్తగా ఉంది, ధైర్యంగా వచ్చెయ్’ అని రేడియోలో ట్రౌడికి చెప్పింది తనే.