కొర్రీలమ్మ

మూడోసారి కూడా ఫైలు తిరిగొచ్చింది.

మొదటిసారి ఫొటోలో చెవులు సరిగా కనపడలేదన్నారు. రెండోసారి తండ్రి పేరు ఒకచోట పొట్టిగా, ఒకచోట పొడుగ్గా ఉందన్నారు. ఈసారి బడి ముద్ర సగమే పడిందట.

"ముద్ర గుండ్రంగా, పూర్తిగా కనపడాలి బాబూ. మళ్లీ వేయించుకురా," అంది కిటికీ వెనక కూర్చున్న గుమాస్తా.

సైన్యంలో చేర్చుకునే ఆఫీసు అది. ఆమె ఆ కిటికీకి వచ్చి రెండేళ్లే. ఏ ఫైలు చూసినా ఏదో ఒక కొర్రీ వేసి వెనక్కి తిప్పుతుందని కుర్రాళ్లంతా కొర్రీలమ్మ అని పేరు పెట్టేశారు.

ఫైలు పట్టుకుని నిలబడ్డ కుర్రాడిని బడిలో ముత్యం అంటారు. అతని చేతిరాత అలాంటిది. రాత తప్ప మిగతా చదువు అంతంత మాత్రం. నిరుడు పన్నెండో తరగతి లెక్కల్లో తప్పాడు. తనకంటే చిన్నవాళ్ల పక్కన, వెనక బెంచీలో మోకాళ్లు ముడుచుకుని కూర్చోవడం అతనికి చచ్చేంత నామోషీ.

పరుగులో, ఛాతీ కొలతలో ఎప్పుడో నెగ్గాడు. ఈ ఒక్క ఫైలు కదిలితే బడికో దణ్ణం పెట్టి వెళ్లిపోవచ్చు.

కదలనిస్తేగా.

పైగా వెళ్లిన ప్రతిసారీ పరీక్షలెప్పుడని అడిగేది. లెక్కల్లో ఎంతవరకు వచ్చావనేది. ఒకసారి రద్దయిన దరఖాస్తు వెనక ఒక లెక్క చేసి చూపించి, పాత ప్రశ్నపత్రాల కట్ట కూడా కిటికీలోంచి చేతిలో పెట్టింది. ఇది ఆఫీసా, ట్యూషనా అని వెనక వరసలో ఎవరో గొణిగారు.

"నేను పోయేది తుపాకీ పట్టుకోవడానికండీ. లెక్కలు చేయడానికి కాదు," అన్నాడు ముత్యం.

ఆమె కోప్పడలేదు.

"ఇంకెంత, నెలేగా. పరీక్షలు రాసేసి రా," అంది.

వరసంతా కిసుక్కున నవ్వింది. ముత్యానికి తల కొట్టేసినట్టయింది.

తండ్రిది సెలూను. ముత్యం అక్కడికి వెళ్లి తన గోడు వెళ్లబోసుకున్నాడు. తండ్రి ఎవరి గడ్డానికో నురగ పూస్తూ, సైన్యంలో ఎలాగూ గుండు తప్పదు కదరా, నెల ఆగితే అదేదో నేనే తీరిగ్గా కొడతానని నవ్వించబోయాడు.

ముత్యం నవ్వలేదు. సరిహద్దు పోరు ఏళ్లుగా నడుస్తున్నదే. అది కాస్తా ఈ నెలలోనే ఆగిపోతుందేమోనని అతని బెంగ.

ఆ సాయంత్రమే అద్దం ముందు బల్ల తుడిచి, కాగితం పరిచి, పై అధికారికి అర్జీ రాశాడు. ముందుకొచ్చే యువకులను ఫలానా గుమాస్తా కావాలనే తిప్పుతోందని, విచారించి తగిన చర్య తీసుకోవాలని. ఒక్క కొట్టివేత లేదు. తనలాగే ఫైలు ఆగిపోయిన మరో పదకొండు మంది బడి పిల్లల చేత కింద సంతకాలు పెట్టించాడు.

తప్పుల్లేకుండా అతను రాసిన పెద్ద కాగితం జీవితంలో అదొక్కటే.

పదిరోజుల్లో కిటికీ వెనక మనిషి మారాడు.

కొత్త గుమాస్తా సగం పడిన ముద్ర వంక చూడనైనా లేదు. ఉదయం ఫైలు ఇస్తే మధ్యాహ్నానికి ఉత్తర్వు చేతికొచ్చింది. సోమవారం శిబిరంలో హాజరు కావాలి. పరీక్షలు ఆ పై వారం.

ముత్యం రిజిస్టరులో అందంగా సంతకం చేశాడు.

గుమ్మం దగ్గర ముసలి బంట్రోతు ఆ ఉత్తర్వు అడిగి తీసుకుని, కళ్లజోడు పైకి నెట్టి చదివాడు. చాలాసేపు తిరిగివ్వలేదు.

"పదాతి దళం," అన్నాడు. "ముందు వరస."

అయితే ఏమైందన్నట్టు చూశాడు ముత్యం.

బంట్రోతు గొంతు తగ్గించి చెప్పాడు. పన్నెండు పాసైన వాళ్లను లారీలు బాగుచేసే షెడ్లకో, వైర్‌లెస్ గదులకో పంపిస్తారు. పాసవని వాళ్లు నేరుగా కందకాల్లోకే. అందుకే ఆవిడ బడి పిల్లల ఫైళ్లన్నీ ఏదో ఒక వంకన ఆపేది. ఫలితాలు రాగానే మార్కుల కాగితం తనే అడిగి జతచేసి, ఒక్కరోజులో పంపించేసేది. నిరుడు అలా వెళ్లిన పందొమ్మిది మందీ క్షేమంగా ఉన్నారు.

ఆ సంగతి ఆవిడ నోరు తెరిచి చెప్పొచ్చు కదా అన్నాడు ముత్యం.

"చెబితే ఉద్యోగం ఊడుతుంది. చెప్పకపోయినా ఊడిందనుకో," అన్నాడు బంట్రోతు. "విచారణలో నీ అర్జీ చదివి వినిపించారు. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. రాసినవాడి చేతిరాత బావుంది, ఆఫీసు పనికేమైనా తీసుకుంటారేమో చూడండి అని మాత్రం అడిగింది. ఎవరూ వినలేదు."

సంతకం వెనక్కి తీసుకోవచ్చా అని అడిగాడు ముత్యం. సంతకం పెట్టాక శిబిరానికి పోకపోతే జైలేనన్నాడు బంట్రోతు. లోపల బల్ల మీద మిగతా పదకొండు మంది ఉత్తర్వులు వరసగా పేర్చి ఉన్నాయి.

"అసలు ఆవిడకి మేం ఏమవుతామని?"

బంట్రోతు కాగితం మడిచి అతని చొక్కా జేబులో పెట్టాడు.

"ఏమీ కారు. పట్టుబట్టి ఈ కిటికీకి మార్పించుకుని రాకముందు, తిరిగిరాని పిల్లల ఇళ్లకు వెళ్లే ఉత్తరాలు తొమ్మిదేళ్లపాటు టైపు చేసింది ఆవిడే."