మాస్కు పెట్టుకుని చదవండి

“అవునా, కాదా? ఒక్క మాటలో చెప్పండి మిస్టర్ విన్‌స్లో.”

“సెనేటర్ గారూ, ఇది ఒక్క మాటతో తేలే విషయం కాదు. గనుల్లో రాతిధూళి తగ్గాలనే మేమూ కోరుకుంటున్నాం. కాకపోతే కొంచెం వ్యవధి కావాలి...”

“ఎనిమిదేళ్లు చాలలేదా?”

గారెట్ విన్‌స్లో ముందున్న కాగితాలు సర్దుకున్నాడు. గనుల యజమానులందరూ కలిసి పెట్టుకున్న ఖనిజ మండలికి అతను అధ్యక్షుడు. బొగ్గు తవ్వేటప్పుడు లేచే రాతిధూళిని సగానికి తగ్గించాలని ప్రభుత్వం ఎప్పుడో ఒక నిబంధన రాసింది. అది అమల్లోకి రాకుండా మండలి మనుషులు వాషింగ్టన్‌లో గుమ్మం గుమ్మం తిరిగారు. ఒకరికి విందు, ఇంకొకరికి ఎన్నికల చందా ఇస్తూ ఎనిమిదేళ్లు నెట్టుకొచ్చారు. ఇప్పుడు ఇంకో రెండేళ్లు కావాలట. అడగడానికి నోరెలా వచ్చిందో!

ఎదుటి బల్ల వెనక రొవీనా స్టిల్ట్‌నర్ మైకు దగ్గరికి లాక్కుంది. వెస్ట్ వర్జీనియా కొండల్లో, గని కార్మికుడి ఇంట్లో పుట్టిన మనిషి. సెనేట్ కమిటీ గదుల్లో ఏళ్ల తరబడి నలిగింది. ఎదుటివాడిని ఎక్కడ పట్టుకుంటే గిలగిలలాడతాడో ఆమెకు బాగా తెలుసు.

“మా కొండల్లో ఒకతను ఉన్నాడు. ఇంకా నలభై రెండేళ్లే. మీ మండలి సభ్యుల గనిలోనే పనిచేశాడు. ఇవాళ మంచం దిగి స్నానాలగదిదాకా వెళ్లాలంటే దారిలో ఒకసారి కూర్చోవాలి. ముక్కులో ఆక్సిజన్ గొట్టం. కొడుకు బేస్‌బాల్ ఆడుతుంటే కారులో కూర్చుని చూస్తాడు. అతనికి మీరేం చెబుతారు? ఇంకో రెండేళ్లు ఊపిరి బిగబట్టమంటారా?”

ఆ ‘ఒకతను’ తన తమ్ముడు వెర్నన్ అని ఆమె చెప్పలేదు. చెప్పవలసిన చోటు కాదది.

“చాలా బాధాకరం, సెనేటర్ గారూ. ఆ కుటుంబానికి మా సానుభూతి...”

“సానుభూతి మీ దగ్గరే ఉంచుకోండి. వాళ్లకి కావాల్సింది గాలి.”

“కానీ హడావిడిగా అమలుచేస్తే చిన్న గనులు మూతపడతాయండీ. ఉద్యోగాలు పోతాయి.”

“ఊపిరే పోయినవాడికి ఉద్యోగం ఎందుకు? శవపేటికలో పెట్టుకోడానికా?”

విన్‌స్లో వెనక కూర్చున్న మండలి ఉద్యోగులు తలలు వంచుకున్నారు. గదిలో గట్టిగా పదిమంది లేరు. తలుపులు వేసి ఉన్నాయి. ఈ మాటలు విని చప్పట్లు కొట్టాల్సిన గని కార్మికుడు ఒక్కడైనా అక్కడ లేడు.

పక్కనున్న వకీలు విన్‌స్లో చెవిలో ఏదో ఊదాడు. దాంతో అతను కాస్త తేరుకున్నాడు.

“మేమేం చేతులు ముడుచుకు కూర్చోలేదండీ. ప్రతి కార్మికుడికీ మాస్కు ఇచ్చాం. అది పెట్టుకుంటే ధూళి గొడవే ఉండదు. పెట్టుకోకపోతే అది వాళ్ల...”

“వాళ్ల తప్పా?”

“తప్పని నేననలేదు.”

“అనబోయారు.”

రొవీనాకి ఒళ్లు మండిపోయింది. వెర్నన్ ఇదే మాట పడ్డాడు. ఊపిరితిత్తులు రాయిలా గట్టిపడ్డాయని డాక్టరు తేల్చిన రోజున, నువ్వు మాస్కు సరిగ్గా పెట్టుకోలేదేమో అన్నారు కంపెనీవాళ్లు. మనిషిని తినేసిందిగాక, నేరం కూడా వాడి నెత్తినే రుద్దారు. ఆమె సంచీలోంచి ఒక మాస్కు తీసి బల్ల మీదుగా విసిరింది.

“ఇదేగా మీరిచ్చేది? పెట్టుకోండి.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే. పెట్టుకుని మీ వాంగ్మూలం మొదటి పేజీ చదవండి. కూర్చుని కాదు, నడుం వంచి. గనిలో కప్పు నడుమెత్తున ఉంటుంది. మావాళ్లు నిటారుగా నిలబడి తవ్వరు.”

వకీలు లేచాడు. “ఇదేం పద్ధతండీ! ఇలా ఎక్కడా...”

“మీరు కూర్చోండి.”

వకీలు కూర్చున్నాడు. విన్‌స్లో మాస్కు బిగించుకుని, వంగి చదవడం మొదలుపెట్టాడు. నాలుగు వాక్యాలు పూర్తయ్యేసరికి ముఖం కందగడ్డ అయింది.

“ఏమన్నారు? నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మీ వెనకవాళ్లకైనా అర్థమైందా?”

వెనక ఒకరిద్దరు అడ్డంగా తలూపారు.

“గనిలో కప్పు కూలబోతుంటే పక్కవాడు అరిచి చెప్పాలి. ఆ యంత్రాల రొదలో, ఇది పెట్టుకుని అరిస్తే ఎవడికి వినిపిస్తుంది? అందుకే తీసి మెడలో వేసుకుంటారు. బండ కింద పడి ఇవాళ చావాలా, ధూళి మింగి పదేళ్లకి చావాలా? మీరు వాళ్లకిచ్చిన దారులు ఈ రెండే. ఈ సంగతి మీకు తెలియదా?”

విన్‌స్లో మాస్కు లాగి పారేశాడు. ముచ్చెమటలు పోశాయి. వకీలు మోచెయ్యి నొక్కుతున్నా పట్టించుకోలేదు.

“తెలుసు,” అన్నాడు.

“ఏం తెలుసు?”

“మాస్కులు పనికిరావని తెలుసు. మా డాక్టర్లే చెప్పారు. మొదటిసారి వాయిదా వేయించకముందే చెప్పారు. అయినా వేయించాం.”

ఎనిమిదేళ్లుగా ఏ సెనేటరూ రాబట్టలేకపోయిన మాట అది. ఆ ఒక్క మాట బయటికొస్తే ఇక ఏ వాయిదా నిలవదు. గనుల్లో మిగిలినవాళ్లయినా బతికి బట్టకడతారు.

రొవీనా మైకు ఆపేసింది. బల్ల చుట్టూ తిరిగి అతని దగ్గరికి వచ్చి, గ్లాసులో నీళ్లు పోసి చేతికిచ్చింది.

“ఈ రిహార్సల్‌కి మీ మండలి నాకు ఫీజిస్తోంది కాబట్టి చెబుతున్నా. రేపు అసలు సెనేటర్లు అడిగినప్పుడు మాత్రం ఈ మాట అనకండి, సార్.”