రీలులో లేని అడుగులు

తెర లేవబోతుంటే ఆటగాడు తియోఫిలో కాలు మడత పడింది.

"కొంప ముంచావు కదరా!" నాట్యబృందం పెద్ద ఫిదెన్సియో తల పట్టుకున్నాడు.

కుర్రాళ్ళు ముసలి ముసుగులు తగిలించుకుని, దగ్గుతూ తూలుతూ జనాన్ని నవ్వించే ముసలాళ్ళ ఆట అది. వరసలో ఒకడు తగ్గితే బోసిగా ఉంటుంది. ఊళ్ళోంచి ఎవడో ఒక కుర్రాణ్ణి పంపమని కబురు పెట్టాడు.

కాసేపటికి వెనక గుమ్మంలో ఒకడు వచ్చి నిలబడ్డాడు. మొహానికి అప్పటికే కొయ్య ముసుగు. చేతిలో కర్ర. నడుం వంచి ఒకటే దగ్గు. వాడి వెనక మెట్ల మీద ఎవరో ముసలావిడ చతికిలబడింది. ఆమెనెవరూ పట్టించుకోలేదు.

"అబ్బో! గుమ్మంలోనే మొదలెట్టేశావే! పేరేంటి తమ్ముడూ?"

"ముసుగేసుకున్నోడికి ఆటయ్యేదాకా పేరుంటుందా బాబూ?" గొంతు కూడా వణికింది.

ఫిదెన్సియో నాలిక కరుచుకున్నాడు. ఈ ఆట పుట్టిన సరస్సు లంకల్లో అదే ఆచారం. ముసుగు తీసేదాకా పేరు అడగకూడదు, మొహం చూడకూడదు. రాజధాని హాళ్ళలో ఆడీ ఆడీ మర్చిపోయాడు.

"ఆట వచ్చా?"

"వచ్చు. ఆట చివరి ముక్క మాత్రం నన్నొక్కణ్ణే ఆడనియ్యి."

"చివరిది ఎవడికొచ్చయ్యా!"



ఈ ఆట వాళ్ళు నేర్చుకున్నది ఒక పాత సినిమా రీలు చూసి. అందులో ముసుగు మనిషి ఒకడు కళ్ళు తిప్పుకోనివ్వకుండా ఆడతాడు. ఆట ముగియకముందే బొమ్మ ఆగిపోతుంది. వాడెవడో ఎవరికీ తెలియదు. ఫిదెన్సియో గురువు చావు మంచం మీద కూడా అదే కలవరించాడు.

"మిగతాది వెతకరా. లేకపోతే వాడితోనే మట్టిలో కలిసిపోతుంది."

ఫిదెన్సియో లంకలన్నీ గాలించాడు. ఎదురుపడిన ప్రతి తాతా 'అది నేనే' అన్నవాడే. ఒక్కడికీ అడుగు పడలేదు. విసిగిపోయి తనే ఒక ముగింపు అల్లి అతికించాడు. చప్పట్లకు లోటు లేదు. ఆడిన ప్రతిసారీ తనకు మాత్రం దొంగతనం చేసినట్టుండేది.

"మా ముగింపు మాకుంది. నువ్వు వరసలో చివర నిలబడి చెప్పింది చెయ్యి."

ముసుగు తల ఊపింది.

కొత్తవాడు తూలితే హాలంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. "భలేవాణ్ణి పట్టావన్నా!" అన్నాడు తెర లాగే మనిషి.

ఆట అయింది. ఆటగాళ్ళంతా జనానికి తలలు వంచారు. కొత్తవాడు వంచలేదు. కర్ర తాటించుకుంటూ ఒక్కడే ముందుకు నడిచాడు.

"వీడి దుంప తెగ! తెర దించు, దించెయ్!"

తాడు చిక్కుకుంది. ఫిదెన్సియో ఆటకు వీపు తిప్పి, తిట్టుకుంటూ తనూ తాడు లాగాడు. వెనకాల కర్ర చప్పుడు, అడుగుల చప్పుడు, దగ్గు. ధబ్బున ఏదో పడింది. హాలు నవ్వులతో ఊగిపోయింది.

తెర దిగింది.

"ఇంక లే తాతా, చాల్లే వేషాలు!" కుర్రాళ్ళు కర్రలతో పొడిచారు.

అతను లేవలేదు.

ఫిదెన్సియో ముసుగు తీశాడు. కొయ్య మీదకన్నా లోపలి మొహం మీదే ముడతలెక్కువ. ఊపిరి లేదు.

మెట్ల మీది ముసలావిడ లోపలికొచ్చింది. ఏడవలేదు. పక్కన కూర్చుని, శాలువా కొంగుతో ఆ మొహం మీది చెమట తుడిచింది.

"మా ఆయన చివరిదాకా ఆడాడా బాబూ?"

ఫిదెన్సియో కుర్రాళ్ళ వంక చూశాడు. "తెర దిగేదాకా మేం తలలు వంచుకునే ఉన్నామన్నా. నేల తప్ప ఏం కనబడలేదు" అన్నాడొకడు.

ఆమె మళ్ళీ అడిగింది. ఫిదెన్సియో తాడు లాగిన తన అరచేతులు చూసుకున్నాడు.

"వయసులో ఉండగా ఈయన ఆటని సినిమా తీస్తామని వచ్చినోళ్ళు, రీలు అయిపోయిందని మధ్యలో లేచిపోయారు" అందామె. "ఆ మిగతాది మీకు చూపించి వస్తానని, పొద్దున్నే ముసుగేసుకుని పడవెక్కాడు."