కనిపించేవి అయిదు

అమ్మకి మళ్ళీ గుండెదడ మొదలైంది. పొయ్యి కట్టేసి, వంటింటి గోడకి ఆనుకుని చతికిలబడింది. చేతులు గజగజ వణుకుతున్నాయి.

డాక్టరు నేర్పిన చిట్కా కూతురికి గుర్తొచ్చింది. "అమ్మా, ఊపిరి మెల్లగా వదులు. నీకు కనిపించేవి అయిదు చెప్పు."

"ఇప్పుడీ పరీక్షేంటే?"

"చెప్పు తల్లీ!"

"దువ్వని నీ జుట్టు."

"ఒకటి."

"నువ్వు దులపని బూజు. మీ నాన్న కుర్చీ మీద పడేసిన తడి తువ్వాలు."

"మూడు."

"నిన్న తోమేశానన్నావే, ఆ మాడిన గిన్నె. దాన్ని తోమడం అంటారా?"

తిట్టేకొద్దీ అమ్మ గొంతు గట్టిపడింది, వణుకు తగ్గింది. ఇల్లు ఇంత దరిద్రంగా ఉన్నందుకు కూతురికి మొదటిసారి సంతోషం వేసింది.

"ఇంకొక్కటమ్మా."

అమ్మ ఈసారి కూతురి మొహంలోకి చూసింది.

"ఏడుస్తున్నావేంటే, పిచ్చిమొహమా? ఇలా రా. ఇప్పుడు నువ్వు చెప్పు, అయిదు."