కాలేజీ గేటు ఎదుట నవ్వు

విశ్వాసమ్మ కొడుకును చంపింది ఆ ఫ్లెక్సీయే. శాంతయ్య దృష్టిలో దానికి వేరే సాక్ష్యం అక్కరలేదు.

కల్లూరులో కాలేజీ గేటుకు ఎదురుగా, మేడంత ఎత్తున, ఫోను పందేల ప్రకటనలో ఒక కుర్రాడు ఫోను చూపిస్తూ పళ్లన్నీ కనబడేలా నవ్వుతుంటాడు. ఫోనులో వేషాలేసి పేరు తెచ్చుకున్నవాడట. ‘నేను గెలిచా, నువ్వెప్పుడు?’ అని పక్కన రాత. ఆ నవ్వు చూసే విశ్వాసమ్మ కొడుకు వసంతకుమార్ ఫోనులో పందేలకు దిగాడు. పరీక్ష ఫీజుతో మొదలుపెట్టినవాడు చివరికి హాస్టలు గదిలో ప్రాణం తీసుకున్నాడు.

శాంతయ్య ఆమెకు చుట్టం కాడు. ఆమెది కోయిలకుంట్ల, అతనిది నందికొట్కూరు వైపు పల్లె. కర్నూలు కలెక్టరాఫీసులో, సోమవారం అర్జీల వరుసలో కలిశారు. ఇద్దరి అర్జీలూ ఆ ఫ్లెక్సీ మీదే. వరుసలో కూడా అతను ఒకచోట నిలబడడు, అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాడు.

పిల్లలెంతమందని ఆమె అడిగింది.

“నా ఆడమనిషి పోయింది. ఒక కొడుకుండె. ఇప్పుడు లేడు.”

అప్పటినుంచి తన టిఫిను డబ్బాలో సగం అతనికి పెట్టేది. చర్చిలో జ్ఞాపకార్థ కూడికలో తన బిడ్డ పేరుతోపాటు చదివిస్తానని అతని కొడుకు పేరు అడిగింది. చెప్పలేదు. దుఃఖం తీరలేదనుకుని ఊరుకుంది.

ఆఫీసోళ్లు తిప్పించుకున్నారు. ఒక గుమాస్తా ఫ్లెక్సీ ఫోటో ముందుపెట్టి ఇదేనా అంటే, శాంతయ్య తల తిప్పుకుని ఇదేనన్నాడు.

“చూడకుండానే చెప్తాండావే పెద్దాయనా, కండ్లల్లో పొరలొచ్చినాయా?” అని గుమాస్తా నవ్వాడు.

చివరికి ఈ ఉదయం మనుషులొచ్చి కాలేజీ గేటు ఎదుట తాళ్లు కోశారు. ఫ్లెక్సీ దుమ్ములో వెల్లకిలా పడింది. విశ్వాసమ్మ విసురుగా ఆ మొహం మీదికి పోయింది. ఆమె కాళ్లకు చెప్పుల్లేవు. శాంతయ్య తన చెప్పు తీసి చేతికిచ్చాడు.

“కొట్టమ్మా.”

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగింది.

“వద్దులేన్నా. వీడూ ఎవురో ఒకరు కన్నబిడ్డే గదా. వీని నాయన యాడుండాడో, ఈ నవ్వు చూసుకోని మురుస్తాండాడేమో.”

శాంతయ్య ఆ చెప్పు లాక్కున్నాడు. వంగి, ఆ పళ్ల మీద తనే కొట్టాడు. చెప్పు కాలికి తొడుక్కున్నాడు.

“వీడు నా కొడుకు, వీని పేరు ఇంగెప్పుడూ నన్నడగొద్దు.”